బౌన్సరయ్య మూతి

మా వీధి మలుపులో సోఫాలు కుట్టే షాపు ఉంది. అందులో సుత్తి పట్టుకుని కూర్చునే పొడుగాటి మనిషిని వీధంతా బౌన్సరయ్య అని పిలుస్తుంది. ఎవరో అభిమాని పెట్టిన పేరని అతని నమ్మకం. పెట్టింది నేనే. అభిమానంతో కాదు.

మా వంటింటి కిటికీ తెరిస్తే వెనక ఖాళీ స్థలం కనిపిస్తుంది. ఒకప్పుడు ఏదో మిల్లుది. మిల్లు మూతపడి గోడ కూలాక కుర్రవాళ్ళూ, తాము ఇంకా కుర్రవాళ్ళమేననుకునే నలభై దాటినవాళ్ళూ ఆదివారాలు అక్కడ క్రికెట్ ఆడుతున్నారు. మధ్యలో సిమెంటు పోసుకుని, దాని మీద చాప పరుస్తారు. మొదట్లో నాకు ఆ ఆటలో ఒక్క ముక్క తెలిసేది కాదు. కళ్ళెదుట జరిగేది అర్థం కాకపోతే నాకు తిన్నది అరగదు. అందుకని బంతి కోసం మా పెరట్లోకి దూకిన ప్రతివాణ్ణీ నిలబెట్టి అడిగాను. చెప్పినవాడికే బంతి ఇచ్చాను. అలా మొత్తం ఆట నేర్చుకున్నాను.

బౌన్సరంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. బంతిని బ్యాటు పట్టుకున్నవాడి కాళ్ళ దగ్గర వేయకుండా, సగం దారిలోనే నేలకేసి బాదాలి. అది లేచి వాడి గుండెల మీదికో గొంతు మీదికో వస్తుంది. వాడు వంగాలి, లేదా పక్కకి తప్పుకోవాలి, లేదా ధైర్యముంటే తిప్పి కొట్టాలి. భయపడితే వేసినవాడి పంట పండినట్టే. భయపడకపోతే బంతి మా పెరట్లో పడినట్టే. మా బౌన్సరయ్య బంతులు ఎన్ని మా పెరట్లో పడ్డాయో విరిగిన నా మందార కొమ్మల్ని అడిగితే చెబుతాయి.

అతని పుట్టుపూర్వోత్తరాలు పెద్దగా చెప్పుకునేవేం కావు. తండ్రి బస్సులకి సీట్లు కుట్టేవాడు. కొడుక్కి చదువు అబ్బకపోతే ఈ సోఫాల షాపు యజమాని దగ్గర పనికి పెట్టాడు. మనిషి నిటారుగా పెరిగాడు, చెయ్యి బారుగా సాగింది, పని కూడా నేర్చుకున్నాడు. ఆ మాట ఒప్పుకోవాలి. స్ప్రింగు బిగించి, స్పాంజి పరిచి, రెగ్జిను లాగి, చీలలు కొడితే పదేళ్ళు కదలదు. యజమాని ముచ్చటపడి కూతుర్నిచ్చి చేశాడు. ఆ యజమాని పోయాక షాపు అల్లుడికీ కొడుక్కీ కలిపి మిగిలింది. అల్లుడు చీలలు కొడతాడు, బావమరిది గుడ్డ కత్తిరిస్తాడు. ఇద్దరూ ఒకే పైకప్పు కింద పొద్దస్తమానం కూర్చుని ఆదివారం వచ్చేసరికి ఎదురెదురు టీముల్లో ఆడతారు. అల్లుడు మా వీధి టీము. బావమరిది మార్కెట్ టీము.

ఇక బౌన్సరయ్య బతుకంతా ఒక్క బంతి మీద నిలబడి ఉంది. పెళ్ళికి ముందు ఎప్పుడో, ఎక్కడో, ఒక ఆటలో అతను వేసిన బంతికి ఎవరిదో టోపీ ఎగిరిందట. అంతే. నేను విన్న మొదటిసారి టోపీ ఒక్కటే ఎగిరింది. అతనికి పెళ్ళయ్యాక టోపీతో పాటు ఒక పన్ను రాలింది. కూతురు పుట్టాక ఆ బ్యాట్స్‌మన్ ఆట మానేసి వ్యాపారం పెట్టుకున్నాడు. ఈ మధ్య విన్నప్పుడు, పాపం, ఆ మనిషి ఊరే వదిలి వెళ్ళిపోయాడు. నేను ఇంకొన్నాళ్ళు బతికి ఉంటే వాడి దినానికి కూడా వెళ్ళొస్తాననుకుంటున్నాను.

సాయంత్రాలు షాపు ముందు బల్ల వేసుకుని ఉపన్యాసాలిస్తాడు. అటుగా వెళ్ళే నన్నూ వదలడు.

"పిన్నిగారూ, బౌన్సరు వేసేది వికెట్ కోసం కాదండీ. భయం కోసం. అది ముక్కు పక్కనుంచి పోయిందనుకోండి, వాడి కాలు దానంతటదే వెనక్కి పోతుంది. కాలు వెనక్కి పోయినవాడికి తర్వాతి బంతి కాళ్ళ దగ్గర వెయ్యాలి. ముందు తల, తర్వాత కాలు. అదీ కిటుకు."

"మరి ఆ కాళ్ళ దగ్గర బంతి నువ్వెప్పుడూ వేయగా చూళ్ళేదే నాయనా."

"సమయం రావాలి పిన్నిగారూ."

ఆ సమయం పదిహేనేళ్ళుగా దారిలోనే ఉంది. నిజంగా జరిగేది వేరు. ఒక బౌన్సరు వేస్తాడు. వాడు నాలుగు కొడతాడు. ఇతనికి ఒళ్ళు మండుతుంది. ఇంకా పొట్టిగా, ఇంకా గట్టిగా మరోటి బాదుతాడు. అదీ నాలుగే. కోపం పెరిగిన కొద్దీ బంతి ఇతని పాదాలకి దగ్గరవుతూ వస్తుంది. ఇంకాస్త కోపమొస్తే తన బొటనవేలు మీద తనే వేసుకుంటాడేమోనని ప్రతి ఆదివారం ఆశగా చూస్తాను.

అందరికంటే ఎక్కువ ఉతికేది బావమరిదే. వాడు పొట్టివాడు, బొజ్జ ఉంది, పరుగెత్తమంటే ఆయాసపడతాడు. మెడలో టేపు తీసి జేబులో పెట్టుకుని బ్యాటు పట్టుకుంటాడు, షాపులో మనిషికీ మైదానంలో మనిషికీ తేడా అంతే. అలాంటివాడు బావ బౌన్సర్లని మా పెరట్లోకి ఎలా పంపిస్తున్నాడు? ఒకరోజు కూరగాయలు తరుగుతూ గమనించాను. బంతి చేతిలోంచి రాకముందే వాడు వెనక్కి జరిగి బ్యాటెత్తి సిద్ధంగా ఉంటున్నాడు. మామూలు బంతికి జరగడం లేదు. బౌన్సరుకే జరుగుతున్నాడు. ముందే ఎలా తెలుస్తోంది?

ఆ రోజు కూరలో ఉప్పు వేశానో లేదో కూడా గుర్తు లేదు. సాయంత్రం వాణ్ణి పట్టుకున్నాను.

"ఒరే, మీ బావ ఏ బంతి వేస్తాడో నీకు ముందే ఎలా తెలుస్తుందిరా?"

వాడు పళ్ళికిలించాడు. "అది షాపు రహస్యం అత్తయ్యగారూ. మీకు చెబితే రేపు పొద్దున పాలవాడు నాకే చెబుతాడు."

నా నోటి మీద అంత నమ్మకం. సరే, నువ్వు చెప్పకపోతే నాకు కళ్ళు లేవా?

మర్నాడు మా పాత కుర్చీ ఒకటి షాపుకి తీసుకెళ్ళాను. దానికి స్ప్రింగు పోయిన మాట నిజమే, కాకపోతే పోయి చాలాకాలమైంది. "నా ఎదురుగా చెయ్యి నాయనా, ఇంట్లో తోచడం లేదు" అని అక్కడే బల్ల మీద కూర్చున్నాను. షాపంతా జిగురు వాసన, కొత్త రెగ్జిను వాసన. నేల నిండా గుడ్డ పీలికలు, తీసి పారేసిన పీచు. బావమరిది ఒక మూల కత్తెర ఆడిస్తున్నాడు. బౌన్సరయ్య నా కుర్చీని బోర్లా వేసి, గుప్పెడు చీలలు నోట్లో పోసుకున్నాడు.

సోఫాలు కుట్టేవాళ్ళందరికీ అదే అలవాటు. ఒక చేత్తో గుడ్డ లాగి పట్టుకోవాలి, ఇంకో చేత్తో సుత్తి. మరి చీలలు ఎక్కడ పెట్టుకుంటారు? నోట్లో. నాలికతో ఒక్కొక్కటీ పెదవుల దాకా తోసి, అయస్కాంతమున్న సుత్తి మొనతో అందుకుని, ఒక్క దెబ్బ. దెబ్బ కొట్టే ముందు పెదవులు బిర్రుగా బిగుసుకుంటాయి, లేకపోతే మిగతావి గొంతులోకి పోతాయి. పదమూడో ఏటి నుంచీ అదే పని. కాబట్టి మనిషికి గట్టిగా ఏం చేయాలన్నా ముందు మూతి బిగుసుకుంటుంది, నోట్లో చీలలు ఉన్నా లేకపోయినా.

అది నాకు ఎలా తెలిసిందంటే, మధ్యలో ఒకాయన వచ్చాడు. సోఫా రంగు తను చెప్పింది కాదని గొడవ. బౌన్సరయ్య అప్పటికి చీలలన్నీ కొట్టేశాడు, నోరు ఖాళీ. వింటూ వింటూ ఉండగా అతని పెదవులు మెల్లిగా మూసుకుని, ఓ పక్కకి లాగినట్టు బిగిశాయి. మూలనుంచి బావమరిది తల కూడా ఎత్తకుండా చెయ్యి చాపి, బల్ల అంచున ఉన్న టీ గ్లాసు తీసి కింద పెట్టాడు. మరుక్షణం బౌన్సరయ్య బల్ల మీద గుద్దాడు, షాపు అదిరేలా అరిచాడు. టీ మాత్రం ఒలకలేదు.

నేను కూర్చున్న చోటే నవ్వాపుకోలేక చెంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆ ఆదివారం కిటికీలోంచి మూతే చూశాను. మామూలు బంతికి మహానుభావుడు బావిలా నోరు తెరుచుకుని పరుగెత్తుకొస్తాడు. బౌన్సరుకి పెదవులు కుట్టేసినట్టు మూసుకుంటాయి. ప్రపంచంలో ఇంత చాటింపు వేసి బౌన్సరు వేసేవాడు ఇంకొకడు ఉండడు. దొంగ వాకిట్లో నిలబడి, "వస్తున్నానండోయ్, బీరువా సర్దుకోండి" అని కేకేసినట్టు.

ఇది జరిగిన కొద్దిరోజులకి మోకాలి నొప్పికి మందు కోసం మందుల షాపుకి వెళ్ళాను. ఆ షాపతనే మా వీధి టీముకి కెప్టెన్. బౌన్సరయ్య కౌంటరు ముందు నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ఇద్దరూ గొంతు తగ్గించారు. నేను మందుల పెట్టెల మీద పేర్లు చదువుతున్నట్టు నటించాను.

"చూడన్నా, మొహమాటం లేకుండా చెప్పేస్తున్నా" అంటున్నాడు కెప్టెన్. "ఈ ఆదివారం మార్కెట్ వాళ్ళతో ఆట. మీ బావమరిది వికెట్ నువ్వు తీస్తే కొత్త బంతి నీదే, నేనెవర్నీ మాట్లాడనివ్వను. తియ్యలేదనుకో, ఇక నుంచి కుర్రాళ్ళు వేస్తారు. నువ్వు రా, కూర్చో, చూడు."

"కూర్చుని చూడాలా?"

"గొడుగు కూడా ఉంది కదన్నా."

"బౌన్సరుతోనే తీస్తాను."

"దేంతో తీసినా సరే. తియ్యి."

వెళ్ళిపోతూ నన్ను దాటాడు. టోపీ కథ చెప్పలేదు, కిటుకు చెప్పలేదు, పిన్నిగారూ అని కూడా అనలేదు. ముఖం తోలు తీసేసిన కుర్చీలా ఉంది. బౌన్సర్లు పోతే ఆ మనిషికి ఇక మిగిలేది రెగ్జినూ పీచూ. ఒక్క క్షణం జాలేసింది. మళ్ళీ నా మందార చెట్టు గుర్తొచ్చి తమాయించుకున్నాను.

అయినా తెలిసిన సంగతి కడుపులో దాచుకోవడం నాకు చేతకాదు. అతనికే చెబుదామా అనుకున్నాను, చెబితే వినే ముఖమా అది? సరాసరి వాళ్ళింటికి వెళ్ళి భార్యకి చెప్పాను. ఆవిడ బట్టలు మడత పెడుతోంది. కాలేజీకి వెళ్ళే కూతురు మంచం మీద బోర్లా పడుకుని ఏదో చదువుకుంటోంది. నేను మూతి బిగించి మరీ చూపించాను. ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. కూతురు దిండులో ముఖం దాచుకుని నవ్వింది.

"అత్తయ్యగారూ, మీకు మొన్న తెలిసింది" అంది ఆవిడ. "నాకు పెళ్ళైన వారానికే తెలుసు."

"తెలిసీ చెప్పలేదటే?"

"చెబితే మానేస్తారు. మానేస్తే మాకెలా తెలుస్తుంది?"

నాకు అర్థం కాలేదు. కూతురు లేచి కూర్చుని వివరించింది. "నాన్న మూతి బిగిసిందనుకో మామ్మా, అమ్మ గ్లాసు తీసేస్తుంది. నేను పుస్తకం పట్టుకుని డాబా మీదికి పోతా. అరిచేది గోడలే వింటాయి. ఓ పావుగంట. తర్వాత దిగొస్తే నాన్నే, 'ఏమ్మా, తిన్నావా?' అంటాడు."

"చెయ్యి చేసుకోరు అత్తయ్యగారూ, లేని మాట చెప్పకూడదు" అంది తల్లి, తువ్వాలు మడుస్తూ. "అరుస్తారు, చేతికందింది విసిరేస్తారు. విసరడానికి చేతికి ఏదీ అందకపోతే అరుపు సగం తగ్గుతుంది. ముందే తెలియడం వల్ల ఇన్నేళ్ళలో ఒక్క మంచి గ్లాసు పగల్లేదు. ఇప్పుడు మీరెళ్ళి ఆయనకి చెప్పకండి. దణ్ణం పెడతాను."

చూశారా సంసారం! మైదానంలో ఎవర్నీ భయపెట్టలేని పెద్దమనిషి బౌన్సర్లన్నీ ఇంట్లో వేస్తున్నాడు. అక్కడ వాళ్ళకి లేని భయం వీళ్ళకి పెట్టాడు. కానీ ఏం లాభం? వీళ్ళూ ఆ పొట్టి బావమరిది లాగే ముందే పక్కకి జరిగిపోతున్నారు. మహారాజు రెండు చోట్లా గాలికే వేస్తున్నాడు.

"సరే తల్లీ, నేను చెప్పను" అన్నాను. "ఎలాగూ ఈ ఆదివారంతో ఆఖరు."

"ఏవిటాఖరు?"

మందుల షాపులో విన్నది చెప్పాను. మడతపెడుతున్న తువ్వాలు ఆవిడ చేతిలోంచి జారింది.

"అంటే ఆదివారాలు ఇక ఇంట్లోనే ఉంటారా?"

"గొడుగు కింద కూర్చుంటాడా ఆ మనిషి?" అన్నాను.

కూతురు గబుక్కున అంది, "అమ్మా, ఆ వానపడ్డ ఆదివారం గుర్తుందా?"

ఎవరికి గుర్తుండదు? వీధంతా విన్నాం. ఆట లేక ఇంట్లో ఉండి, వంటింటి అలమర తప్పుగా సర్దారని మొత్తం కింద దింపాడు. తర్వాత ఇంట్లో ఉన్న సోఫా విప్పేశాడు. ఆవిడ మూడు పూటలు నేల మీద కూర్చుని తింది.

"వారం మొత్తం మీద మాకు ఆ ఒక్క పొద్దే అత్తయ్యగారూ" అంది ఆవిడ మెల్లగా. "పాటలు పెట్టుకుంటాం. గట్టిగా నవ్వుకుంటాం. నేను పగలు పడుకుంటాను కూడా."

ఇదీ ఆవిడ ఇరకాటం. చెబితే ఆయన మూతి విప్పుకుంటాడు, ఇంట్లో తుఫాను కబురు లేకుండా వస్తుంది. చెప్పకపోతే వికెట్ రాదు, ఆదివారాలు పోతాయి. నేను సలహాలు ఇవ్వబోయాను. ఆవిడ వినడం లేదు. గోడకేసి చూస్తూ ఆలోచిస్తోంది. కాసేపటికి తువ్వాలు తీసి మళ్ళీ మడతపెట్టి, "ఆయనకి నిన్నటి నుంచి దగ్గుగా ఉంది అత్తయ్యగారూ" అంది.

"నాకెక్కడా వినపడలేదే."

"ఉంది" అంది ఆవిడ.

ఆదివారం పొద్దున్న నేను కిటికీ దగ్గర ఆగలేకపోయాను. కుర్చీ మోయించుకుని మైదానం గట్టు మీదికే వెళ్ళాను, మొన్న స్ప్రింగు వేయించిన కుర్చీనే. అక్కడ చూద్దును కదా, బౌన్సరయ్య భార్య! పెళ్ళై ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ స్థలంలో కాలు పెట్టని మనిషి, చేతిలో చిన్న డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. డబ్బాలో గొంతు బిళ్ళలు. కెప్టెన్ షాపులో కొన్నవే.

"దుమ్ము లేస్తోంది. దగ్గొస్తే పరుగెత్తలేరు" అని భర్తకి చెబుతోంది. "ఇది బుగ్గన పెట్టుకోండి. నోరు తెరవకండి, కరిగేదాకా మూసుకునే ఉండాలి. అయిపోతే ఓవరు అయ్యాక ఇటు రండి, ఇంకోటి ఇస్తాను."

"నాకు దగ్గేవిటే?"

"రాత్రంతా దగ్గారు. మీకు నిద్రలో తెలీదు."

పక్కన ఫీల్డరు ఒకడు, "వదిన చూడరా, ఎంత ప్రేమో!" అన్నాడు. బౌన్సరయ్య ఛాతీ విరుచుకుని బిళ్ళ నోట్లో వేసుకున్నాడు. మూతి మూసుకుంది.

మొదటి ఓవరు చూడ్డానికి రెండు కళ్ళూ చాలలేదు. నోరు తెరిచి పరుగెత్తే అలవాటున్న మనిషి ముక్కుతో ఊపిరి పీలుస్తుంటే కొలిమి తిత్తి కదిలొస్తున్నట్టు ఉంది. బుగ్గ ఒకటి ఉబ్బి ఉంది. పెదవులు బిర్రుగా ఉన్నాయి. ఓవరు అయ్యాక పరుగెత్తుకొచ్చి ఇంకో బిళ్ళ తీసుకుని వెళ్ళాడు. మార్కెట్ టీములో ముందొచ్చిన ఇద్దరికీ ఈ మూతి సంగతి తెలియదు కాబట్టి వాళ్ళకి తేడా లేదు, మామూలుగా కొట్టుకున్నారు. ఒకణ్ణి ఇంకెవరో అవుట్ చేశారు. అప్పుడొచ్చాడు బావమరిది, టేపు జేబులో దోపుకుంటూ. నాకేసి చూసి కన్ను కొట్టాడు.

"రా బావా! మా ఇంటికి ఒకటి, అత్తయ్యగారింటికి ఒకటి!"

బౌన్సరయ్య జవాబివ్వలేదు. బిళ్ళ ఉంది కదా.

మొదటి బంతికి పరుగెత్తాడు. బావమరిది మూతి చూశాడు. మూసుకుంది. సంతోషంగా వెనక్కి జరిగి బ్యాటెత్తాడు. బంతి లేవలేదు, మామూలుగా వచ్చి వికెట్ల పక్కనుంచి జారిపోయింది. వాడు బ్యాటు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

రెండో బంతి. మూతి మళ్ళీ మూసే ఉంది. వాడు ఈసారి నమ్మలేదు, ముందుకొచ్చాడు. ముందుకొచ్చినవాడికి సరిగ్గా బౌన్సరు పడింది. ఆ ఒక్క బంతి మాత్రం, నేను ఇష్టం లేకపోయినా చెబుతున్నాను, నిజంగా బౌన్సరే. చాప మీద టప్పున తగిలి పాములా లేచి వాడి గడ్డం కింద నుంచి దూసుకుపోయింది. వాడు వెల్లకిలా పడ్డాడు. జేబులో టేపు బయటికొచ్చి ఉంగరాలు చుట్టుకుంటూ దొర్లింది. మైదానమంతా హో అని అరిచింది. బౌన్సరయ్య నవ్వబోయి, బిళ్ళ గుర్తొచ్చి ఆపుకున్నాడు.

"బావా, ఏంటి బావా ఇది!" అన్నాడు వాడు దుమ్ము దులుపుకుంటూ. గొంతులో ఆ పాత వెటకారం లేదు.

నా పక్కన ఆవిడ డబ్బా మూత తీయడం, పెట్టడం, తీయడం, పెట్టడం.

మూడో బంతి. వాడి కళ్ళు బంతి మీద లేవు, బావ మూతి మీద ఉన్నాయి. మూతి మూసుకుంది. పడబోయేది ఏదో తెలియక వాడు మోకాళ్ళు వంచి, తల భుజాల్లోకి లాక్కుని, బరువంతా వెనకకాలి మీద వేసి నిలబడ్డాడు. బంతి అసలు నేలకే తగల్లేదు. సరాసరి కాళ్ళ దగ్గరికి వచ్చి మధ్య వికెట్ ఎగరగొట్టింది.

ఇప్పుడు అందరూ వికెట్ వైపు చూశారు. నేను మాత్రం బౌన్సరయ్యని చూశాను. అతను ముందు తన అరచేతిని చూసుకున్నాడు. చెమటకి తడిసిన అరచేతిని ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఆ తర్వాతే వికెట్ పడిందని గ్రహించి రెండు చేతులూ పైకెత్తాడు. నోరు తెరిచి అరవబోయేసరికి బిళ్ళ ఎగిరి గడ్డిలో పడింది.

కెప్టెన్ పరుగెత్తుకొచ్చి కౌగిలించుకున్నాడు. "కొత్త బంతి నీదే అన్నా! ముందు తల, తర్వాత కాలు, ఎన్నిసార్లు చెప్పావన్నా!"

"సమయం రావాలన్నాను కదా" అన్నాడు మహానుభావుడు.

బావమరిది బ్యాటు ఈడ్చుకుంటూ గట్టు దగ్గరికి వచ్చాడు. "ప్రతి బంతికీ మూతి మూసే ఉంది అత్తయ్యగారూ! ప్రతి బంతికీ!"

"దగ్గట నాయనా" అన్నాను.

వాడి చూపు అక్క చేతిలో డబ్బా మీద పడింది. డబ్బాని చూశాడు, అక్కని చూశాడు, మళ్ళీ డబ్బాని చూశాడు. "అక్కా! నువ్వా? సొంత తమ్ముణ్ణి..."

"ఆదివారాలు మీ బావని మీ ఇంటికి పంపించమంటావా?" అంది ఆవిడ.

వాడు నోరు మూసుకున్నాడు. "ఒక బిళ్ళ ఇయ్యి" అని చెయ్యి చాపాడు.

బిళ్ళలు ఆదివారానికే. సోమవారానికి దగ్గు తగ్గిపోయిందట, మళ్ళీ ఆదివారం పొద్దున్నే తిరగబెడుతుందట. ఆవిడ ఏర్పాటు అది. మైదానంలో మూతి ఎప్పుడూ మూసే ఉంటుంది, ఇంట్లో ఎప్పటిలాగే కబురు చెప్పి మరీ బిగుస్తుంది. ఇంత తెలివి ఆ ఇంట్లో ఉండగా కొత్త బంతి ఆ మూర్ఖుడి చేతికిచ్చారు.

టోపీ కథ ఇప్పుడు మూలపడింది. దాని స్థానంలో బావమరిది కథ వచ్చింది. విన్న మొదటిరోజే వాడు వెల్లకిలా పడ్డమే కాకుండా క్షమించమని అడిగాడు కూడా. ఈ వేగాన పోతే వచ్చే ఏటికి వాడూ ఊరు వదిలి వెళ్ళాల్సి వస్తుంది.

నిన్న సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను, ఊరికే, చూసి పోదామని. హాల్లో సోఫాలో కూర్చుని అదే కథ చెబుతున్నాడు. కూతురు నేల మీద, భార్య గుమ్మం దగ్గర, వినని ముఖాలతో వింటున్నారు.

"అదిగో పిన్నిగారూ, రెండో బంతికి వాడి కాలు వెనక్కి పోయింది. నేను గమనించాను. మనసులో అనుకున్నాను, ఇప్పుడు కాళ్ళ దగ్గర వేద్దామని. ఆలోచించి వేశాను."

నాకు తెలుసు ఆ మాట అడగకూడదని. కానీ ఆ అరచెయ్యి చూసుకున్న సంగతి అప్పటి నుంచీ నన్ను నిద్రపోనివ్వడం లేదు. మనిషన్నాక తెలుసుకోవాలని ఉండదా?

"అది సరేగానీ నాయనా, ఆ మూడో బంతి చెయ్యి జారిందా ఏంటి?"

అతని పెదవులు మెల్లిగా మూసుకున్నాయి. ఓ పక్కకి లాగినట్టు బిగిశాయి.

కూతురు పుస్తకం తీసుకుని లేచింది. భార్య వచ్చి నా ముందున్న మంచినీళ్ళ గ్లాసు తీసేసింది. నేను చెప్పులు కూడా వేసుకోలేదు, చేత్తో పట్టుకున్నాను. అరుపు గుమ్మం దాటేసరికి నేను మెట్లు దిగి, వీధిలో, వాళ్ళ ప్రహరీ గోడ కింద వంగి ఉన్నాను.

తల మీదుగా పోయింది.